విశ్వవ్యాకరణం – ఎవరి కొలబద్ద?

ప్రపంచంలోని భాషలన్నిటికీ అడుగున ఒకే వ్యాకరణం ఉందన్న ఆలోచన నోమ్ చామ్‌స్కీతో మొదలైందని మన సాహిత్య విద్యార్థుల్లో చాలామంది అనుకుంటారు. అది సరికాదు. వ్యాకరణం సారంలో అన్ని భాషలకూ ఒక్కటేననీ, భాషకూ భాషకూ కనిపించే తేడాలు పైపైవేననీ ఇంగ్లండుకు చెందిన రోజర్ బేకన్ పదమూడో శతాబ్దంలోనే అన్నాడు. ఆ తర్వాత ఈ ఆలోచన చాలాసార్లు తలెత్తింది, చాలాసార్లు అణగిపోయింది. తలెత్తినప్పుడల్లా ఏదో ఒక భాషను కొలబద్దగా చేతబట్టుకునే వచ్చింది. ఆ కొలబద్ద ఎవరిది, దానితో ఎవరిని కొలిచారు, ఆ కొలతలో ఎవరు పొట్టివాళ్ళుగా తేలారు అన్న ప్రశ్నలు వేసుకోకపోతే విశ్వవ్యాకరణ చరిత్ర మనకు అర్థం కాదు.

నేను భాషాశాస్త్రవేత్తను కాను, హైస్కూల్లో తెలుగు టీచర్ని. అయినా ఈ విషయం మీద రాయటానికి కారణం ఉంది. వాక్యం రచయితకు పనిముట్టు. ఆ పనిముట్టు స్వభావం గురించి మూడు వందల అరవై ఏళ్ళకు పైగా గట్టిగా సాగుతున్న చర్చ రచయితలకు పట్టనిదిగా ఉండిపోవటం మంచిది కాదు. పైగా ఆ చర్చలో తెలుగు వాక్యం కూడా సాక్ష్యం చెప్పింది. ఆ సంగతి మన సాహిత్య సభల్లో అరుదుగా వినబడుతుంది.

ఫ్రెంచి కొలబద్ద

1660లో పారిస్ సమీపంలోని పోర్ట్‌రాయల్ మఠానికి చెందిన ఇద్దరు పండితులు ఒక చిన్న వ్యాకరణం అచ్చువేశారు. ఒకాయన ఆంత్వాన్ ఆర్నో, తత్వవేత్త. రెండో ఆయన క్లోద్ లాన్స్‌లో, భాషలు నేర్పే బడిపంతులు. భాష ఆలోచనకు రూపం, ఆలోచించే పద్ధతి మనుషులందరికీ ఒక్కటే, కాబట్టి భాషల నిర్మాణానికి మూలసూత్రాలు కూడా ఒక్కటే కావాలన్నది వారి వాదం. మనం పలికే వాక్యం వెనక, పలకని చిన్న చిన్న తీర్పులు దాగి ఉంటాయని కూడా వారు చూపించారు. లాటిన్ ఏలుతున్న కాలంలో ఈ పుస్తకాన్ని వాళ్ళు ఫ్రెంచిలో రాశారు. పండితభాష నియమాలను బట్టీపట్టటం కంటే మనిషి బుద్ధిని నమ్మటం మేలని చెప్పారు. ఆ కాలానికి అది ముందడుగే.

అయితే ఆ ముందడుగు ఎటు దారితీసిందో కూడా చూడాలి. 1784లో బెర్లిన్ అకాడమీ బహుమతి పంచుకున్న వ్యాసంలో రివరోల్ అనే ఫ్రెంచి రచయిత ఫ్రెంచి భాష విశ్వభాష ఎందుకైందో వివరించాడు. ముందు కర్త, తర్వాత క్రియ, ఆ తర్వాత కర్మ. ఇదే తర్కానికి సహజమైన వరస, ఆ వరసకు కట్టుబడి ఉండటం ఫ్రెంచి సొత్తు అన్నాడు. మనుషులందరి ఆలోచనా ఒక్కటేనన్న మాట నూట పాతికేళ్ళలో ఫ్రెంచివాళ్ళ వాక్యమే ఆలోచనకు అచ్చు అన్న మాటగా మారిపోయింది. యూరప్ రాజసభల్లో ఫ్రెంచి చెలామణీ అవుతున్న రోజులవి. రాజ్యానికి ఉన్న బలాన్ని వాక్యానికి ఉన్న గుణంగా చూపటం అందువల్ల సులువైంది.

ఈ కొలబద్ద పెట్టి మన వాక్యాన్ని కొలిస్తే ఏమవుతుంది? 'రైతు పొలం దున్నాడు' అంటాం. రైతు పొలాన్ని దున్నాడో, అమ్ముకున్నాడో, పోగొట్టుకున్నాడో చివరిదాకా వింటేగాని తెలియదు. రివరోల్ లెక్కన తెలుగువాళ్ళం, తమిళులం, తురుష్కులం, జపానువాళ్ళం అందరం తలకిందులుగా ఆలోచిస్తున్నామన్నమాట. నిజానికి క్రియను చివర పెట్టే వరసే ప్రపంచ భాషల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుందని తర్వాతి కాలపు పరిశోధన తేల్చింది.

సంస్కృతం కొలబద్ద

సంస్కృతం యూరప్‌కు పరిచయమయ్యాక కొలబద్ద మారింది. 1808లో ఫ్రీడ్రిష్ ష్లెగెల్ భాషలను రెండు తెగలుగా విడగొట్టాడు. సంస్కృతం, గ్రీకు వంటి భాషల్లో పదం మొలకలాగా లోపలినుంచి రూపం మార్చుకుంటుందట. మిగతా భాషల్లో ప్రత్యయాలను బయటినుంచి అతికిస్తారట. మొదటివి జీవమున్నవి, రెండోవి యాంత్రికమైనవి. 'చెట్టు', 'చెట్లు', 'చెట్లకు' అని ఒకదాని వెనక ఒకటి చేర్చుకుంటూ పోయే మన భాష రెండో తెగలో పడుతుంది. ఈ విభజనలో భాషల వర్ణనతో పాటు జాతుల మెట్లవరస కూడా దాగి ఉందన్నది తర్వాతి చరిత్ర రుజువు చేసింది.

సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసులో మరో పని జరిగింది. 1814లో విలియం కేరీ తన తెలుగు వ్యాకరణంలో దక్షిణాది భాషలను కూడా సంస్కృతం వైపే చేర్చాడు. 1816లో ఎ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది. దానికి చేర్చిన పీఠికలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు, తమిళం, కన్నడం ధాతువులను, పదాలను పక్కపక్కన పెట్టి, ఇవి సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వీటికి తమదైన కుటుంబం ఉందనీ నిరూపించాడు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చింది. ఎల్లిస్ దానికి నలభై ఏళ్ళు ముందు. ఎల్లిస్ కంపెనీ అధికారి. ఆయన వాదానికి కావలసిన సామగ్రి మాత్రం ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో పనిచేసిన పట్టాభిరామశాస్త్రి వంటి మన పండితులు సమకూర్చినదేనని మరిచిపోకూడదు.

మరి మన వ్యాకరణాలు ఏ కొలబద్ద పట్టుకున్నాయి? నన్నయ పేరు మీద ప్రచారంలో ఉన్న 'ఆంధ్రశబ్దచింతామణి' తెలుగు భాషకు సంస్కృతంలో రాసిన వ్యాకరణం. తెలుగులో తెలుగు వ్యాకరణం రాసిన కేతన కూడా సంస్కృతాన్ని భాషలన్నిటికీ తల్లిగానే తలచాడు. 1858లో చిన్నయసూరి రాసిన 'బాలవ్యాకరణం' సూత్రరచనలో సాటిలేనిది. పదరూపాలను అంత పొందికగా చెప్పిన పుస్తకం మనకు మరొకటి లేదు. కాని దానిలోని పది పరిచ్ఛేదాల్లో సంజ్ఞ, సంధి, సమాసం, క్రియ, కృదంతం అన్నీ ఉన్నా, 'వాక్యం' అన్న పేరుతో ఒక పరిచ్ఛేదం లేదు.

విభక్తుల పట్టిక చూడండి. నేను ఏటా పిల్లలచేత వల్లె వేయించే పట్టికే అది. సంస్కృతంలో విభక్తులు ఏడు గనక తెలుగుకూ ఏడు గదులు కట్టారు. 'కొఱకున్, కై' చతుర్థి అట. 'కిన్, కున్' మాత్రం 'యొక్క'తో కలిసి షష్ఠిలో కూర్చున్నాయి. తెలుగులో 'కు' చేసే పని ఎంత పెద్దదో ఆలోచించండి. 'నాకు ఆకలేస్తోంది', 'నాకు తెలుసు', 'ఆమెకు ఈత వచ్చు', 'వాళ్ళకు ఇద్దరు పిల్లలు'. ఆకలీ, తెలివీ, నేర్పూ, బంధుత్వం – అనుభవించేవాడిని మనం కర్తగా నిలబెట్టం, 'కు' చేర్చి పక్కన కూర్చోబెడతాం. తెలుగువాడి అనుభవంలో సగం ఈ ఒక్క అక్షరం మీద నడుస్తోంది. ఏడు గదుల పట్టికలో దానికి దక్కింది షష్ఠిలో ఓ మూల మాత్రమే. పరాయి కొలబద్ద ఫ్రాన్సునుంచే రానక్కరలేదని చెప్పటానికే ఈ ఉదాహరణ.

కొండమీది వ్యాకరణం

ఈ చరిత్రలో గిడుగు రామమూర్తి (1863–1940) స్థానాన్ని మనం సరిగా గుర్తించలేదనిపిస్తుంది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే ఆయనకు దండలు వేస్తున్నాం. కాని ఆ ఉద్యమానికి ముందే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పే బడులు పెట్టించాడు, పుస్తకాలు తయారు చేశాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి.

సవర ద్రావిడ భాష కాదు, ముండా భాష. కర్మగా ఉన్న నామాన్ని కుదించి క్రియలోనే కలిపేసి, మనం వాక్యంలో చెప్పేదాన్ని ఒక్క పదంలో చెప్పే పద్ధతి అందులో ఉంది. ఫ్రెంచి కొలబద్దకూ, సంస్కృతం కొలబద్దకూ అందని నిర్మాణమది. రాత లేని, గ్రంథం లేని, పండితుడు లేని ఒక కొండజాతి భాషలో ఇంత కచ్చితమైన వ్యవస్థ ఉందని తెలిసినవాడికి, కోస్తా రైతు మాటల్లో వ్యాకరణం లేదని చెబితే ఎలా నమ్ముతాడు? వ్యాకరణం గ్రంథంలో పుట్టదు, మాట్లాడే మనుషుల్లో ఉంటుందన్న ఎరుక గిడుగుకు కలగటంలో సవరల పాత్ర చిన్నది కాదని నా అభిప్రాయం.

అమెరికాలో ఫ్రాన్జ్ బోయస్ చేసిన పని ఇదే కోవలోది. అక్కడి ఆదివాసుల భాషలను లాటిన్ పట్టికల్లో ఇరికించకుండా, ఏ భాషను దాని పద్ధతిలోనే వర్ణించాలని 1911లో వెలువడిన సంపుటంలో ఆయన వాదించాడు. ఆ సంప్రదాయం బలపడ్డాక, భాషల మధ్య భేదాలకు హద్దే లేదన్న మాట కూడా వినబడింది. విశ్వవ్యాకరణం అన్న పేరు ఎత్తితేనే నవ్వే రోజులు వచ్చాయి.

తెలుగు వాక్యం చెప్పిన సాక్ష్యం

ఆ రోజుల్లో 1957లో చామ్‌స్కీ మొదటి పుస్తకం వచ్చింది. వియత్నాం యుద్ధాన్ని ఎదిరించిన మేధావిగా ఆయన మన పాఠకులకు తెలిసినవాడే. 1966లో రాసిన ఒక పుస్తకంలో ఆయన పోర్ట్‌రాయల్ పండితులను తన పూర్వీకులుగా చెప్పుకున్నాడు. ఆయన వాదంలోని ముఖ్యమైన అంశం ఒకటి తెలుగులోనే చెప్పుకోవచ్చు. 'తల్లి పిల్లల్ని తీసుకొచ్చింది' అంటాం. క్రియకు దగ్గరగా ఉన్న మాట 'పిల్లలు', అది బహువచనం. అయినా మూడేళ్ళ బిడ్డ కూడా క్రియను దూరంగా ఉన్న తల్లితోనే ముడిపెడుతుంది. పదాలు ఎంత దూరంలో ఉన్నాయో లెక్కపెట్టదు, వాక్య నిర్మాణంలో ఏది ఏ స్థానంలో ఉందో చూస్తుంది. ఇది బిడ్డకు ఎవరూ విడమర్చి చెప్పరు. అటువంటి శక్తి మనిషి పుట్టుకలోనే ఉందనీ, అది భాషలన్నిటికీ ఉమ్మడి పునాది అనీ ఆయన అన్నాడు.

అయితే ఆయన తొలి పుస్తకాల్లో సాక్ష్యం దాదాపు అంతా ఇంగ్లీషు వాక్యాలే. పాత రోగమే మళ్ళీ వచ్చిందా అన్న అనుమానం చాలామందికి కలిగింది. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ మరో దారి చూపాడు. ముప్పై భాషలను ఎంచుకొని, వాటిని పక్కపక్కన పెట్టి 45 సామాన్య సూత్రాలు రాబట్టాడు. ఆ ముప్పైలో కన్నడం ఉంది, హిందీ ఉంది. క్రియ చివర వచ్చే భాషల్లో 'మీద', 'కింద', 'లోపల' వంటి మాటలు దాదాపు ఎప్పుడూ నామం తర్వాతే వస్తాయని ఆయన గమనించాడు. మనం 'చెట్టు మీద' అంటాం. ఇంగ్లీషువాడు మీద అన్న అర్థమిచ్చే మాట ముందు చెప్పి, తర్వాత చెట్టు పేరెత్తుతాడు. ఇంతకాలం తలకిందులనుకున్న వాక్యానికి తనదైన పొందిక ఉందని ఈ సూత్రం చూపింది. మన వాక్యం ఇంగ్లీషు వాక్యానికి అద్దంలో బొమ్మ లాంటిది. అద్దంలో బొమ్మకూ క్రమం ఉంటుంది.

మన దగ్గర ఈ చర్చను తెలుగులో నిలబెట్టింది చేకూరి రామారావు (1934–2014). 'చేరాతలు' రాసిన చేరాయే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆ కొత్త పద్ధతిని చదువుకొని వచ్చి 1975లో 'తెలుగు వాక్యం' ప్రచురించాడు. చిన్నయసూరి పుస్తకంలో లేని పరిచ్ఛేదం నూట పదిహేడేళ్ళ తర్వాత రాయబడిందని అనుకోవచ్చు. 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి ఆధునిక తెలుగుకు వివరమైన వ్యాకరణం రాశారు.

1981 నాటికి చామ్‌స్కీ తన సిద్ధాంతాన్ని మార్చుకున్నాడు. ఉమ్మడి సూత్రాలు కొన్ని, ఒక్కో భాష ఒక్కో వైపు తిప్పుకునే మీటలు కొన్ని ఉంటాయన్నాడు. అప్పటినుంచి ఇంగ్లీషు కాని భాషల సాక్ష్యానికి విలువ పెరిగింది. తెలుగు వాక్యం ఇచ్చిన సాక్ష్యం చిన్నది కాదు. రెండు ఉదాహరణలు చెబుతాను.

'నేను టీచర్ని', 'నువ్వు టీచరువి', 'మేం టీచర్లం'. ఈ వాక్యాల్లో క్రియే లేదు. క్రియకు చేరవలసిన పురుష ప్రత్యయం నామానికి చేరింది. క్రియ లేనిదే వాక్యం లేదన్న సూత్రం మనకు వర్తించదు.

రెండోది ఇంకా చిత్రమైనది. 'తను రేపొస్తానని రమేశ్ చెప్పాడు' అంటాం. 'తను' ప్రథమ పురుష. 'వస్తాను' ఉత్తమ పురుష. కర్తకూ క్రియకూ పొత్తు కుదరాలన్న నియమం ప్రకారం ఇది తప్పు కావాలి. కాని తెలుగువాళ్ళెవరికీ తప్పుగా వినబడదు. పైగా 'తను రేపొస్తాడని' అంటే ఆ వచ్చేది రమేశ్ కాడు, ఇంకెవరో అనే అనిపిస్తుంది. చెప్పేవాడి గొంతు సగం, చెప్పించుకున్నవాడి గొంతు సగం కలిసిన వాక్యమిది. దీన్ని వివరించటానికి సిద్ధాంతకర్తలు ఈ శతాబ్దంలో కూడా తంటాలు పడుతున్నారు. మన కథకులు మాత్రం దీన్ని రోజూ వాడుతున్నారు, పాత్ర మనసులోకి వెళ్ళటానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

మెదడా, సమాజమా?

ఇక్కడ అభ్యుదయవాదులు సహజంగా వేసే ప్రశ్న ఒకటుంది. వ్యాకరణం పుట్టుకలోనే ఉందంటే భాషకు సమాజంతో పనిలేదా? ఈ ప్రశ్నకు మన శిబిరంలో వచ్చిన జవాబులన్నీ సరైనవి కావు. సోవియట్ యూనియన్‌లో నికొలాయ్ మార్ భాష ఉపరితల నిర్మాణమనీ, ఆర్థిక దశలు మారినకొద్దీ భాష కూడా దశలు మారుతుందనీ, భాషలన్నీ నాలుగు ధ్వని మూలకాల నుంచి పుట్టాయనీ బోధించాడు. ష్లెగెల్ మెట్లవరస ఇందులో ఎర్రరంగు పూసుకొని తిరిగొచ్చింది. 1950 జూన్‌లో స్టాలిన్ 'ప్రావ్దా'లో దాన్ని తోసిపుచ్చాడు. భాష ఒక వర్గం సొత్తు కాదన్న ఆ నిర్ణయం సరైనదే. కాని ఒక శాస్త్ర చర్చ అధినేత వ్యాసంతో ముగియటం శాస్త్రానికి ఆరోగ్యం కాదు.

సమాజం వ్యాకరణాన్ని ఎలా మలుస్తుందో చూపే మంచి సాక్ష్యం మన పొరుగున దొరికింది. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా కుప్వాడ్ గ్రామంలో మరాఠీ, ఉర్దూ, కన్నడం, కొద్దిగా తెలుగు మాట్లాడేవాళ్ళు శతాబ్దాలుగా కలిసి బతికారు. 1971లో గంపర్జ్, విల్సన్ ఆ ఊరి భాషలను పరిశీలించి, మాటలు వేరైనా వాక్య నిర్మాణం దాదాపు ఒకటైపోయిందని చూపారు. పొలంలో, సంతలో కలిసి చేసిన పని వ్యాకరణాన్ని కలిపింది. ఇళ్ళను వేరుచేసిన కులం, మతం మాటలను వేరుగా ఉంచాయి. మన హైదరాబాదు దక్కనీలో 'బోల్‌కే' అన్న మాట సరిగ్గా మన 'అని' చేసే పనే చేస్తుంది. అదీ ఇటువంటి సహజీవనం ఫలితమే.

మరొక సాక్ష్యం నికరాగ్వాది. 1977లో మనాగ్వాలో ప్రత్యేక పాఠశాల పెట్టేవరకూ అక్కడి బధిర బాలలు ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా ఉండేవాళ్ళు. ఇంటివాళ్ళతో నాలుగు సైగలు తప్ప భాష లేదు. 1979 విప్లవం తర్వాత బడికి వచ్చేవాళ్ళ సంఖ్య పెరిగింది. ఉపాధ్యాయులు స్పానిష్ నేర్పాలని చూశారు, అది పెద్దగా ఫలించలేదు. కాని పిల్లలు ఆటస్థలంలో, బస్సుల్లో తమ సైగలు కలుపుకొని కొత్త భాష కట్టుకున్నారు. తర్వాత చేరిన చిన్నపిల్లల చేతుల్లో అది పూర్తి వ్యాకరణమున్న భాషగా ఎదిగింది.

ఈ ఉదాహరణను చామ్‌స్కీ వాదులు తమకు అనుకూలంగా చెప్పుకుంటారు. అందులో న్యాయం ఉంది, ఎవరూ నేర్పని వ్యాకరణం పిల్లలే కట్టారు. కాని అదే శక్తి ఉన్న పిల్లలు ఇళ్ళలో ఒంటరిగా ఉన్నంతకాలం భాష పుట్టలేదు. నలుగురూ ఒకచోట చేరాకే పుట్టింది. శక్తి మనిషిది, దాన్ని భాషగా చేసేది సంఘం. ఈ రెంటిలో ఏ ఒక్కదాన్ని వదిలినా సిద్ధాంతం కుంటుతుంది.

చర్చ ముగియలేదు. 2002లో చామ్‌స్కీ, మరో ఇద్దరు సహరచయితలు మనిషి భాషకే ప్రత్యేకమైనది బహుశా వాక్యంలో వాక్యాన్ని ఇమడ్చగల శక్తి ఒక్కటేనన్నారు. 2005లో డేనియల్ ఎవరెట్ అమెజాన్ అడవుల్లోని పిరహా భాషలో అదీ కనిపించదన్నాడు. దాని మీద వాదోపవాదాలు చెలరేగాయి. 2009లో ఎవన్స్, లెవిన్‌సన్ ఉమ్మడి సూత్రాల కంటే భాషల వైవిధ్యమే పరిశోధనకు కేంద్రం కావాలన్నారు. విశ్వవ్యాకరణం ఎంత పెద్దదన్న విషయంలో పండితులు ఏకీభవించలేదు. ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలకూ తేడా లేదు: అనాగరికమైన వ్యాకరణం అంటూ ప్రపంచంలో ఏ భాషకూ లేదు.

ఈ ఒక్క నిర్ధారణకు రావటానికి రివరోల్ నుంచి రెండు శతాబ్దాలు పట్టింది. దాన్ని మన బడులు, మన పత్రికలు ఇంకా పూర్తిగా జీర్ణించుకోలేదు. కోయ, గోండు, సవర ఇళ్ళనుంచి వచ్చిన పిల్లవాడు పాఠ్యపుస్తకం తెలుగులో తడబడితే 'వీడికి భాష రాదు' అనే మాట ఉపాధ్యాయుల గదుల్లో నేనే విన్నాను. 'వస్తున్న' అని రాసిన తెలంగాణ పిల్లవాడి జవాబు కింద ఎర్రగీత పడటం చూశాను. ఆ గీత గీసేవాళ్ళ చేతిలో ఉన్నది ఏ కొలబద్దో తెలుసుకోవాలంటే ఈ చరిత్ర తెలియాలి. మరోవైపు 'మరియు'లతో అతికిన వాక్యాలు, 'చేత కొట్టబడెను' తరహా వాక్యాలు ఇంగ్లీషు అచ్చులో పోసినవైనా శిష్టమైనవిగా చెల్లిపోతున్నాయి. 'వచ్చి, తిని, పడుకున్నాడు' అని మూడు పనులను ఒక్క దారానికి గుచ్చే మన పద్ధతిని మాత్రం పల్లెటూరి పద్ధతిగా చూస్తున్నారు.

రచయితలు ఏ మాండలికంలో రాయాలన్న చర్చ మనకు చాలాకాలంగా ఉంది. అది ఎక్కువగా మాటల చుట్టూనే తిరిగింది. శ్రీకాకుళం మాట, పాలమూరు మాట, చిత్తూరు మాట పొదగటంతో మాండలికం పూర్తవుతుందని అనుకున్నాం. మాట పైన కనిపించేది, వాక్యం లోపల పనిచేసేది. ఏ పాత్ర ఏ మాట వాడుతుందో విన్నంత శ్రద్ధగా, ఆ పాత్ర వాక్యాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతుందో, ఏది చెప్పకుండా వదిలేస్తుందో కూడా వినవలసి ఉంది. సాహిత్య విద్యార్థులు ఎం.ఏ. పరీక్షకు చదివి వదిలేసే వాక్యవిచారం నిజానికి ఈ వినికిడికి శిక్షణే. తమ ఊరి వాక్యాలు ఒక వంద రాసుకొని వాటి పొందిక ఏమిటో చూసే పని ఏ విద్యార్థి అయినా చేయవచ్చు. గిడుగు ఒంటరిగా, జీతం రాళ్ళతో, పరాయి భాషకు చేసిన పని అది. మన సొంత భాషకు మనం చేసుకోవటానికి అంత కష్టం కూడా అక్కరలేదు.